పందెమునకు ముందు ఆఱు మాసములు

సంక్రాంతి దాటినది మొదలుకొని ఉగాది వఱకును అనకాపల్లి చుట్టుపట్ల గ్రామములలో వరుసగా తీర్థములు జరుగుచుండునను సంగతి మన పాఠశాల బాలబాలికలకు నేను చెప్పవలసినది కాదు. మఱునాడు తరగతిలో ఎవరి కన్నులు మూతపడుచున్నవో చూచినచో, ఎవరెవరు తీర్థమునకు పోయిరో ఉపాధ్యాయులకు చెప్పకయే తెలియును. ఆ తీర్థములలో ఎడ్లబండ్ల పందెములతో పాటు అక్కడక్కడ గుఱ్ఱపు పందెములును జరుగుచున్నవి. త్రోవకు ఇరుప్రక్కల జనము కిక్కిరిసి నిలుచుట, డప్పులు మ్రోగుట, జీనైనను లేని గుఱ్ఱముపై ఒక పడుచువాడు మెడ మీదికి వంగి దుమ్ము రేపుకొనుచు దూసికొనిపోవుట, ఇవి యన్నియు చూచుటకు వేడుకయే. చిన్ననాట నేనును గట్టు మీద నిలిచి కేకలు వేసినవాడనే. కాని నేనిప్పుడు వ్రాయబోవునది పందెపు దినమును గూర్చి కాదు. పందెమునకు ముందు గడచు దినములను గూర్చి.

ఈ యేడు కొందఱు యువకులు నాయొద్దకు వచ్చిరి. వారిలో మన పాఠశాలలో చదివి పోయినవారును కలరు. ఒకటి రెండు కిలోమీటర్ల దౌడుతో తమకు తృప్తి కలుగుట లేదనియు, అనకాపల్లి నుండి చోడవరము పోయి తిరిగి వచ్చునట్టి దూరపు స్వారి నొకదానిని, అనగా ఇంచుమించు 40 కిలోమీటర్లు, ఏర్పాటు చేయదలచితి మనియు చెప్పిరి. ఆలోచన నాకు నచ్చినది. ఎప్పుడని అడిగితిని. “వచ్చే తీర్థానికే మాస్టారూ! ఇంకా ఆరు వారాలున్నాయి కదా!” అనిరి. ఆ ఆఱు వారములను మాట చెవిని పడినంతనే ముప్పది యేండ్ల క్రిందటి ఒక గుఱ్ఱము నాకు జ్ఞప్తికి వచ్చినది. వారికి ఆనాడు సరిగా సమాధానము చెప్పలేకపోతిని. ఇప్పుడు చెప్పుచున్నాను.

మా తాతగారికి ఒక ఆడుగుఱ్ఱ ముండెడిది. నుదుట తెల్లని మచ్చ యుండుటచే దానిని చుక్క యని పిలిచెడివారము. చోడవరమునకు అవతల మా గ్రామము. తాతగారు బ్రదికియున్నంత కాలము దానిపై పొలమునకు, సంతకు పోవుచుండిరి. ఆయన పోయిన పిమ్మట ఏడాది కాలము అది చెఱకుతోట గట్టున కట్టుకొయ్యకు కట్టబడి యూరక నిలిచియుండెను. నాకప్పటికి ఇరువది రెండేండ్లు. తీర్థము ఆఱు వారములున్నదనగా దానిని పందెమునకు పెట్టవలెనను కోరిక నాకు పుట్టినది. ఉదయము సాయంకాలము ఉలవ గుగ్గిళ్ళు పెట్టితిని; బలము వచ్చునని బెల్లము పెట్టితిని; తెల్లవాఱకముందే తారు రోడ్డు మీద దౌడు తీయించితిని. మొదటి వారమున చెఱువుగట్టు చేరునప్పటికి దాని డొక్కలు కొలిమితిత్తులవలె ఎగసిపడెడివి. నాలుగవ వారము వచ్చునప్పటికి అదే దూరము పరుగెత్తి నాలుగైదు నిమిషములలో నెమ్మది పడజొచ్చెను. బొచ్చు నిగనిగలాడినది. ఊరివారు మెచ్చుకొనిరి. గుఱ్ఱము సిద్ధమైనదని నేను నిశ్చయించుకొంటిని.

తీర్థము నాడు చుక్క రెండవదిగా వచ్చినది. సగము త్రోవ దాటిన తరువాత ఒకమాఱు తల దించి అడుగు తడబడినది. నేను కఱ్ఱతో కొట్టితిని. మఱునాటి యుదయమున చూడగా ముందఱి యెడమకాలు, మోకాలికి దిగువను వెనుకవైపున, విల్లువలె వంగి వాచియున్నది. చేతితో తాకిన వేడి తగిలినది. ఆ గుఱ్ఱము పిమ్మట తొమ్మిదేండ్లు బ్రదికినది, నడచినది, పరుగెత్తలేదు.

వాపు దిగకుండిన ఆ దినములలోనే, కొండ మీదినుండి మాడుగుల వైపుగా దిగి వచ్చిన ఒక వృద్ధుడు తన తట్టువుకు నీరు పట్టుటకై మా యింటి ముందు ఆగినాడు. పసుపు బస్తాలు మోసికొని వచ్చిన చిన్న గుఱ్ఱమది. దానికి నిగనిగ యేమియు లేదు, ప్రక్కటెముకలు లెక్కపెట్టవచ్చును. అతడు చుక్క కాలిని చూచి, కూర్చుండి, రెండు వ్రేళ్ళతో నిమిరి, “ఎన్నాళ్ళు నడిపించినావు బాబూ?” అని అడిగినాడు. “ఆఱు వారాలు పరుగెత్తించాను తాతా” అంటిని. “పరుగు కాదు బాబూ, నడక ఎన్నాళ్ళు?” అని మరల అడిగినాడు. నాయొద్ద సమాధానము లేదు. అతడు మఱేమియు అనలేదు. తన గుఱ్ఱము నీరు త్రాగగానే తోలుకొని పోయినాడు.

ఆ ప్రశ్నకు అర్థము నాకు చాల కాలమునకు గాని తెలిసిరాలేదు. పశువైద్యులు నేడు దానిని ఇట్లు వివరించుచున్నారు. గుఱ్ఱమును శ్రమకు అలవాటు చేయునప్పుడు దాని శరీరములోని భాగములన్నియు ఒకేమాఱు గట్టిపడవు. గుండెయు, నెత్తురును, ఊపిరియు కొన్ని వారములలోనే శ్రమకు అలవడును. కండలకు మూడు మాసములైనను పట్టును. కండను ఎముకకు బిగించు స్నాయువులును, కీళ్ళను కట్టియుంచు బంధములును ఆఱు మాసములు మొదలు ఏడాది వఱకును తీసికొనును. ఎముకకు అంతకన్నను ఎక్కువ కాలము కావచ్చును. గుఱ్ఱపు కాలికి మోకాలి దిగువను కండ యన్నది లేదు. పగ్గములవంటి ఆ స్నాయువులే శరీరభారమంతయు మోయవలెను. వానికి నెత్తురు ప్రసరించుట చాల స్వల్పము. కావున అవి బలపడుటయు ఆలస్యము, తెగినచో అతుకుటయు ఆలస్యము.

చిక్కంతయు ఇక్కడనే యున్నది. నాలుగు వారములు గడచునప్పటికి గుఱ్ఱమునకు ఆయాసము తగ్గును. అది తానే పరుగునకు ఉబలాటపడును. చూచువారు సిద్ధమైనదందురు. కాళ్ళు మాత్రము కట్టుకొయ్య యొద్ద నిలిచియున్న నాటి కాళ్ళే. పడుచు కోడెలను తెచ్చి బీటవారిన ఇరుసు గల బండికి కట్టిన నేమగునో మన రైతుబిడ్డలు చెప్పగలరు: ముసలి ఎద్దులైన నెమ్మదిగా నడచి బండిని నిలుపును, కోడెలు విఱుగగొట్టును. సోమరిగా నున్న గుఱ్ఱముకన్న, సగము సిద్ధమైన గుఱ్ఱమునకే అపాయము హెచ్చు. నేను చుక్కను సరిగా ఆ సగములో తెచ్చి నిలిపితిని.

ఆ వృద్ధుని గుఱ్ఱము మాటకు వత్తము. పాడేరు, చింతపల్లి ప్రాంతపు కొండలలో రోడ్డు చేరని గూడెములకు నేటికిని గుఱ్ఱమే బండి. పసుపు, మిరియములు మొదలగు సరకులు దానిపై సంతకు దిగును. బియ్యము, ఉప్పు, నూనె దానిపైననే యెక్కును. 2022లో జిల్లాలు విడిపోయి, ఆ కొండ సీమలో హెచ్చు భాగము అల్లూరి సీతారామరాజు జిల్లా క్రిందికిని, మన మైదానము అనకాపల్లి జిల్లా క్రిందికిని వచ్చినను, సంతకు దిగు గుఱ్ఱమునకు ఆ పొలిమేర తెలియదు. ఆ గుఱ్ఱపు పిల్ల పుట్టిన నాటినుండి తల్లి వెంట ఆ మిట్టపల్లముల మీద ఊరక నడచుచుండును. వీపు మీద బస్తా పడునప్పటికి దాని కాళ్ళకు కొన్ని యేండ్ల నడక పట్టియుండును. ప్రతి వారమును సంత యుండును. సంత నుండి వచ్చిన పిమ్మట మేతయు విశ్రాంతియు నుండును. ఎవరును దానిని సాధన యనరు, కాని అంతకన్న మంచి సాధనను పుస్తకములలో నేను చూడలేదు. ఆ గుఱ్ఱముల బ్రతుకంతయు సుఖమని నేను చెప్పుట లేదు. బరువు మితిమీఱుటయు, జీను లేక గోనె క్రింద వీపు పుండ్లు పడుటయు అక్కడను కలదు. నడక విషయమున మాత్రమే నేను వారిని గురువులుగా నెంచుచున్నాను.

భారతములో నలోపాఖ్యానమును చదివిన విద్యార్థులకు బాహుకుడు జ్ఞాపకముండును. ఋతుపర్ణ మహారాజు ఒక్క దినములో అయోధ్య నుండి విదర్భకు పోవలసివచ్చినప్పుడు బాహుకుడు శాలలోనికి పోయి బక్కపలుచని గుఱ్ఱములను ఏఱి తెచ్చెను. రాజునకు కోపము వచ్చినది. ఇంత చిక్కిన గుఱ్ఱములు ఇంత దూరము ఎట్లు లాగగలవని అడిగినాడు. బాహుకుడు తన మాట విడువలేదు. ఆ గుఱ్ఱములే విదర్భకు చేర్చెను. కథ కథయే కావచ్చును. కాని బొద్దుగా నిగనిగలాడు గుఱ్ఱమును చూచి రాజుగారివలె మనమును మోసపోవుచున్నాము. దూరము పోవలసిన గుఱ్ఱమునకు ప్రక్కటెముకలు కంటికి స్పష్టముగా కానరాక, చేతికి తగులుచుండవలెనని నేటి పశువైద్యులు చెప్పుదురు. లోపలి క్రొవ్వు ఎండలో కంబళివంటిది. వేడిని బయటికి పోనీయదు.

ఇక ఆ యువకులు నన్నడిగిన దానికి వత్తును. 40 కిలోమీటర్ల స్వారికి గుఱ్ఱమును సిద్ధపఱచుట కెంత కాలము పట్టును? ఊరక కట్టియుంచిన గుఱ్ఱమైనచో ఆఱు మాసములకు తక్కువ గాదు. ముందుగా దాని వయస్సు పండ్లను బట్టి చూడవలెను. అయిదేండ్లు నిండని గుఱ్ఱమును దూరపు స్వారికి కొనిపోరాదు. ఎత్తు పెరుగుట ముందే ఆగినను వెన్నెముకలో ఎదుగుదల అయిదాఱేండ్ల వఱకును సాగుచునే యుండును. పిమ్మట రౌతును తూచవలెను. ఈ మాటకు అందఱును నవ్వుదురు, కాని నేను నవ్వుటకు వ్రాయలేదు. రౌతును జీనును కలిసి గుఱ్ఱపు బరువులో అయిదవ వంతును మించకుండుట మంచిదని నిపుణుల మతము. మన నాటు తట్టువు 220 కిలోగ్రాములు తూగుననుకొందము. అయిదవ వంతు 44 కిలోగ్రాములు. అరువదియైదు కిలోగ్రాముల పడుచువాడు అయిదు కిలోగ్రాముల జీను వేసికొని యెక్కినచో అది మూడవ వంతునకు చేరువయగును. ఒక కిలోమీటరు దౌడులో గుఱ్ఱము దానిని సహించును. నలువది కిలోమీటర్లలో ఆ అధిక భారమును మోయునవి వెనుక చెప్పిన పగ్గములే.

మొదటి రెండు మాసములును నడకయే. వారమునకు నాలుగు దినములు, తొలుత అయిదాఱు కిలోమీటర్లు, నేల గట్టిగానుండి మెత్తగానుండు త్రోవల మీద. చెఱకు బండ్లు నడచు మట్టి దారులు ఇందుకు మిక్కిలి తగినవి. తారు రోడ్డు గిట్టలకు, కీళ్ళకు దెబ్బ. శారదానది ఇసుక చూచుటకు మెత్తన, కాని లోతైన ఇసుకలో కాలు దిగబడి స్నాయువులు సాగును. అలవాటు లేని గుఱ్ఱమును అందులో పరుగెత్తించుట తారు రోడ్డుకన్న చెడ్డది. వారమువారమును దూరమును కొద్దికొద్దిగా, పదింట ఒక వంతు మాత్రము, హెచ్చింపవలెను. నాలుగవ వారమున హెచ్చింపక తగ్గింపవలెను. మూడవ మాసమున నడకలో చిన్న పరుగును చేర్పవలెను. దూరము హెచ్చించిన వారమున వేగము హెచ్చింపరాదు. వేగము హెచ్చించిన వారమున దూరము హెచ్చింపరాదు. నాలుగవ మాసమునకు గాని మిట్టల మీదికి పోరాదు. అయిదవ మాసమున ఇరువది, ఇరువదియైదు కిలోమీటర్ల స్వారి పది పండ్రెండు దినముల కొకమాఱు చాలును. పెద్ద స్వారి అయిన పిమ్మట పదియాఱు కిలోమీటర్ల కొక దినము చొప్పున విశ్రాంతి నిచ్చుట దూరపు స్వారి చేయువారిలో ఒక పాత లెక్క. పందెమునకు ముందఱి రెండు వారములలో క్రొత్తగా నేర్పగలిగిన దేదియు లేదు; కావున అప్పుడు తేలికగా నడిపించి ఊరకుండవలెను. మనవారు సరిగా ఆ రెండు వారములలోనే ప్రాణములు తోడుదురు! పరీక్షలకు ముందు రాత్రులు మేలుకొను మా విద్యార్థులను చూచినప్పుడెల్ల నాకీ గుఱ్ఱములే జ్ఞప్తికి వచ్చును.

ప్రతి దినమును పని ముగిసిన పిమ్మట నాలుగు కాళ్ళను చేతితో నిమిరి చూచుట యను చిన్న పని యొకటి కలదు. వాచిన దానిని కన్ను పట్టకముందే చేయి పట్టును. ఒక కాలు తక్కిన మూటికన్న వేడిగా నున్నచో మఱునాడు పని లేదు. ఈ నియమ మొక్కటి నాకు తెలిసియుండినచో చుక్క పరుగెత్తుచుండెడిది.

దాణా విషయమున మన ప్రాంతమువారికి అభిమానము జాస్తి. గుఱ్ఱమునకు ముఖ్యాహారము గడ్డి. దాని కడుపు చిన్నది, ప్రేగు పెద్దది. గడ్డి ఆ పెద్దప్రేగులో నెమ్మదిగా పులిసి దినమంతయు బలమిచ్చును. ఉలవలు మంచివే, కాని నానబెట్టి, ఉడికించి, కొద్దికొద్దిగా అలవాటు చేసి, పని హెచ్చిన కొలదిని హెచ్చింపవలెను. ఒకేమాఱు బుట్టెడు పెట్టినచో కడుపునొప్పియు, గిట్టలలో వాపును కలుగును. పని లేని దినమున దాణా తగ్గింపవలెను. పూర్వము ఐరోపాలో బండ్లు లాగు గుఱ్ఱములకు సోమవారపు జబ్బు అనునది తఱచుగా వచ్చెడిది. ఆదివారము పని మాని, దాణా మాత్రము మానక నిండుగా మెక్కిన గుఱ్ఱము సోమవారము నాడు బండికి కట్టగానే వెనుక కండలు కొయ్యబాఱి కదలలేక నిలిచిపోయెడిది. ఆదివారపు విశ్రాంతిలో దోషము లేదు, దోషము గంపలోనిది.

బెల్లమును గూర్చి వ్రాయుటకు వెఱచుచున్నాను. ఈ దేశమునందే పేరుపొందిన బెల్లపు విపణి గల ఊరిలో నుండి బెల్లమునకు విరోధముగా వ్రాయుట సాహసమే. చిటికెడు బెల్లము గుఱ్ఱమునకు హాని చేయదు. కాని పందెపు గుఱ్ఱమునకు కొఱత పడునది తీపి కాదు, ఉప్పు. ఎండలో శ్రమపడు పెద్ద గుఱ్ఱము గంటకు పది లీటర్లకు పైబడియు చెమట విడువగలదు. మన చెమట మన నెత్తురుకన్న ఉప్పు తక్కువైనది. గుఱ్ఱపు చెమట అట్లు కాదు, నెత్తురుతో సమానముగనో, అంతకన్న హెచ్చుగనో ఉప్పుకలది. దీని ఫలము విచిత్రము. నీరును ఉప్పును కలిసి పోవుటచే నెత్తురు చిక్కబడిన జాడ మెదడునకు అందదు; ఒడలు ఎండిపోవుచున్నను గుఱ్ఱమునకు దాహము వేయదు. నీరు ముందు పెట్టినను మూతి త్రిప్పుకొనును. చూచువారు దానికి దాహము లేదని ముందుకు తోలుదురు. కావున దినదినమును దాణాలో ఉప్పు వేయుచు, దారిలో చెఱువు కనబడినప్పుడెల్ల ఆగి త్రాగుటను నేర్పవలెను. త్రాగుటయు ఒక అభ్యాసమే. మెడ మీది చర్మమును చిటికెతో లాగి విడిచినచో వెంటనే సర్దుకొనవలెను. చిగురును వ్రేలితో నొక్కి విడిచినచో తెల్లనైన చోటు రెండు సెకండ్లలో మరల ఎఱ్ఱబాఱవలెను. అట్లు కానిచో స్వారి అక్కడనే ముగిసినది.

మన సీమ సముద్రమునకు దగ్గఱ. గాలిలోని తేమవలన చెమట ఆఱదు. ఆఱని చెమట ఒడలిని చల్లార్పదు. లంబసింగి చలిలో నలువది కిలోమీటర్లు పోగల గుఱ్ఱము ఉగాది నాటి అనకాపల్లి ఎండలో ఇరువది పోలేకపోవచ్చును. కావున మాఘమాసమునకు సిద్ధపఱచిన గుఱ్ఱమును చైత్రపు తీర్థమునకు అదే వేగముతో తోలరాదు. వేడెక్కిన గుఱ్ఱముపై చన్నీరు పోసినచో కండలు పట్టుకొనునని మన పెద్దలు చెప్పుదురు. ఇంగ్లీషు దేశపు పెద్దలును అట్లే చెప్పెడివారు. 1996లో అట్లాంటా నగరపు ఒలింపిక్ క్రీడలకు ముందు, అచ్చటి ఎండకును తేమకును వెఱచి శాస్త్రజ్ఞులు పరీక్షలు జరిపిరి. మంచు కలిపిన నీరు పోసినను హాని లేదనియు, శీఘ్రముగా చల్లార్చుటయే మేలనియు తేలినది. నీరు పోయుట, అఱచేతితో తుడిచి వేడి నీటిని దిగజార్చుట, మరల పోయుట. బిందెలు మోయుటకు తీర్థములో బాలురకు కొదువ లేదు.

గుఱ్ఱము సిద్ధమైనదో కాదో తెలియుట కెట్లు? డొక్కలు చూచి నేను మోసపోతినని చెప్పితిని. నాడి చూడవలెను. దవడ ఎముక లోపలి అంచున వ్రేలు పెట్టినచో నాడి తగులును. విశ్రాంతిగా నున్న గుఱ్ఱమునకు నిమిషమునకు ముప్పది నలువది సార్లు కొట్టుకొనును. దౌడులో రెండువందలకు పైబడును. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్యవారి దూరపు స్వారులలో ప్రతి మజిలీ యొద్దను పశువైద్యుడుండును. గుఱ్ఱపు నాడి నియమిత కాలములోపల నిమిషమునకు 64కు దిగవలెను. దిగనిచో ఎంత ముందు వచ్చినదైనను దానిని ముందుకు పోనీయరు. పిమ్మట దానిని నడిపించి చూతురు. కుంటిన పక్షమున అంతే. 64 అనగా 15 సెకండ్లకు 16. మన ఎనిమిదవ తరగతి బాలుడు గడియారము చేతబట్టి లెక్కింపగల లెక్క యిది. నాడి ఊపిరిని గూర్చి చెప్పును, నడిపించి చూచుట కాళ్ళను గూర్చి చెప్పును. ఆ వృద్ధుడు నన్నడిగినవి ఈ రెండవ పరీక్షలోనివే.

ఈ నియమములు మెత్తని మనస్సుగలవారు కల్పించినవని తలపరాదు. 1892లో ఆస్ట్రియా, జర్మనీ సేనాధికారులు వియన్నా బెర్లిను నగరముల నడుమ 570 కిలోమీటర్లకు పైబడిన పందెము పెట్టుకొనిరి. మొదట వచ్చినవాడు మూడు దినములలోపుననే చేరెను. అనేక గుఱ్ఱములు మార్గమధ్యమునను, చేరిన పిమ్మటను మరణించెను. గుఱ్ఱములను గూర్చి వారికి తెలిసినంత ఎవరికి తెలియును? తెలిసియు, మధ్యలో ఆపువాడు లేకపోవుటచే అట్లు జరిగినది. మఱి ఏడేండ్లకు దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధము వచ్చినది. 1899 మొదలు 1902 వఱకు ఆంగ్ల సైన్యము కోల్పోయిన గుఱ్ఱములు మూడు లక్షలకు పైబడినవి. తుపాకి గుండ్లకు చచ్చినవి వానిలో స్వల్పము. వారములకొలది ఓడలలో నిలిచి వచ్చిన గుఱ్ఱములను నేలకు దించి, విశ్రాంతి నీయక, ఆ గడ్డికిని ఆ వాతావరణమునకును అలవాటు చేయక, నేరుగా రైళ్ళ కెక్కించి స్వారికి పంపిరి. పోర్ట్ ఎలిజబెత్ అని నాడు పిలువబడిన రేవు పట్టణమున 1905లో ఆ గుఱ్ఱములకు ఒక స్మారకము నిలిపిరి: నిలిచియున్న గుఱ్ఱము, దాని ముందు మోకరించి నీళ్ళబాల్టి పట్టియున్న సిపాయి.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1955 నుండి టెవిస్ కప్ అను స్వారి జరుగుచున్నది. పర్వతములు దాటి నూఱు మైళ్ళు 24 గంటలలో పోవలెను. మొదట వచ్చినవారికి బహుమానమున్నది. కాని 1964లో హాగిన్ కప్ అను మఱియొక బహుమానమును చేర్చిరి. మొదటి పదిమందిలో ఏ గుఱ్ఱము ముగింపునందు మంచి స్థితిలో నున్నదో దానికది. రౌతులలో అనేకులు మొదటిదానికన్న రెండవదానినే కోరుదురట. మన తీర్థపు పెద్దలతో నేను మనవి చేయదలచిన దిదియే. ప్రభుత్వ పశువైద్యశాలలు మండలములందున్నవి. వైద్యుని ఒక పూట పిలిచి, బయలుదేఱక ముందు ఒకమాఱు, సగము త్రోవలో ఒకమాఱు, ముగిసిన పిమ్మట ఒకమాఱు గుఱ్ఱములను చూపింపవలెను. అయిదేండ్లు నిండని దానిని, కుంటుదానిని, వీపు పుండు పడినదానిని బయలుదేఱనీయరాదు. వ్యాధిచేతను పుండుచేతను పనికి తగని జంతువుచే పని చేయించుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరమే కదా! బహుమానపు సొమ్ములో సగము, మఱునాటి యుదయమున చక్కగా నడచి వచ్చిన గుఱ్ఱమునకు ఈయవలెను. మఱునాటి యుదయమున అని ప్రత్యేకముగా వ్రాయుచున్నాను. చుక్క పందెపు సాయంకాలమున కుంటలేదు.

ఇట్లు చేసినచో వేడుక తగ్గునని కొందఱందురు. జనము దౌడును చూడవత్తురు గాని నాడి లెక్కించుటను చూడవత్తురా యని మా మిత్రులొకరు నన్నడిగిరి. సబబైన ప్రశ్నయే. మొదటి యేడు రాకపోవచ్చును. కాని మన జనము ఎద్దుల జత దిట్టమా కాదా యని సంతలో గంటలకొలది తర్కింపగలవారు. గుఱ్ఱము మజిలీలో నిలువగా, నాడి 64కు దిగునా దిగదా యని పందెము కాయుటకు వారికి ఎవరును నేర్పనక్కఱలేదు. ఖర్చు అధికమను వాదము మాత్రము నాకు నచ్చలేదు. నడకకు ఖర్చేమి? ఆఱు మాసములు తెల్లవాఱుజామున లేచుట యొక్కటే.

ఆ యువకులలో ఒకడు పోయిన వారము తన గుఱ్ఱమును మా యింటికి తోలుకొని వచ్చినాడు. గోధుమవన్నె గుఱ్ఱము, కండ పట్టి, ఒడలు మెఱయుచున్నది. పండ్లు చూచితిని, ఆఱేండ్లుండును. నాలుగు కాళ్ళను నిమిరితిని. అన్నియు చల్లగా నున్నవి. వచ్చే తీర్థమునకు పోవచ్చునా యని అడిగినాడు. వలదంటిని. ముఖము చిన్నబుచ్చుకొన్నాడు. ఈ తీర్థమునకు బిందె మోయుము, ఆషాఢము వెళ్ళిన పిమ్మట మట్టిదారిలో నడక మొదలు పెట్టుము, పై తీర్థమునకు చూతమని చెప్పితిని. అతడు సరేనన్నాడు గాని, కళ్ళెము పట్టుకొని వీధి మలుపు తిరుగు వఱకును నడిపించి, అటుపిమ్మట ఎక్కినట్లు చప్పుడు వినబడినది. నడకయో, దౌడో అని వాకిట నిలిచి చెవియొగ్గితిని. నడకయే.